పెంకులు దిద్దిన చరిత్ర: ఇస్లామిక్ ప్రపంచపు కుండలు, వాటి పురావస్తు శాస్త్రం

ఇస్లామిక్ ప్రపంచపు కుండల గురించి చదివేవారికి మొదట ఎదురయ్యేవి మ్యూజియం అద్దాల వెనుక బంగారంలా మెరిసే పళ్ళాలు, నీలిరంగు లతలు చుట్టుకున్న గిన్నెలు, మసీదుల గోడల నుంచి ఊడివచ్చిన రంగు పలకలు. కాని ఇరాక్, సిరియా, ఈజిప్టు, ఇరాన్ దేశాలలో ఏ మధ్యయుగపు పట్టణాన్ని తవ్వినా బయటపడే పెంకులలో అత్యధిక భాగం ఏ పూతా లేని మామూలు మట్టి పాత్రలవే; నీళ్ళ కూజాలు, వంట కుండలు, నూనె జాడీలు, దీపపు ప్రమిదలు, చక్కెర అచ్చులు వాటిలో ఉంటాయి. మొదటి రకం పాత్రలను ఆధారం చేసుకొని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో పండితులు ఒక చరిత్ర రాశారు. ఆ తరువాతి కాలంలో రెండో రకం పెంకులు, అవి పడి ఉన్న మట్టి పొరలు, వాటి మట్టిలోని ఖనిజాలు ఆ చరిత్రను అనేక చోట్ల దిద్దాయి. ఈ దిద్దుబాటు జరిగిన తీరును గమనిస్తే, ఒక పెంకు చరిత్రకు సాక్ష్యం కావడానికి దాని అందం కంటే అది దొరికిన చోటు ఎందుకు ముఖ్యమో స్పష్టమవుతుంది.

ఈ చరిత్ర రచనకు పునాది పడిన చోటు ఇరాక్‌లోని సమర్రా. అబ్బాసీ వంశపు ఖలీఫా అల్ ముతసిం 836లో బాగ్దాదును విడిచి, ఉత్తరాన టైగ్రిస్ నది ఒడ్డున ఈ కొత్త రాజధానిని కట్టించాడు; 892లో ఖలీఫాలు మళ్ళీ బాగ్దాదుకు తరలిపోయారు. నది వెంట సుమారు 40 కిలోమీటర్ల పొడవున పరచుకున్న ఈ శిథిల నగరాన్ని జర్మన్ పండితులు ఎర్నెస్ట్ హెర్ట్స్‌ఫెల్డ్, ఫ్రీడ్రిఖ్ జారే ఆధ్వర్యంలో 1911 నుంచి 1913 వరకు తవ్వగా, రాజభవనాలలోను ఇళ్ళలోను పెద్దసంఖ్యలో పెంకులు దొరికాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ప్రాంతం బ్రిటిష్ సేనల వశం కావడంతో, అక్కడ పెట్టెలలో మిగిలిపోయిన వస్తువులు లండన్ చేరి, అటునుంచి అనేక దేశాల మ్యూజియంలకు పంపకమయ్యాయి. ఆ కుండల మీద జారే 1925లో ప్రచురించిన గ్రంథం ఇస్లామిక్ కుండల అధ్యయనానికి చాలాకాలం ప్రమాణంగా నిలిచింది.

ఆ ప్రమాణం వెనుక ఉన్న తర్కం చాలా సూటిగా ఉంది. నగరం 836లో పుట్టి 892లో ఖాళీ అయిందని గ్రంథాలు చెబుతున్నాయి కనుక, అక్కడ దొరికిన ప్రతి పెంకూ ఆ 56 ఏళ్ళ నడుమ చేసినదే అయి ఉండాలని, అలాంటి పెంకు ఇరాన్‌లోనో ఈజిప్టులోనో దొరికితే ఆ పొర కూడా 9వ శతాబ్దానిదేనని పండితులు లెక్కగట్టారు. చైనా పింగాణీ కాలనిర్ణయానికి సైతం ఈ లెక్కనే వాడుకున్నారు. అయితే ఖలీఫాలు వెళ్ళిపోయినా సమర్రా పూర్తిగా నిర్మానుష్యం కాలేదు; భవనాలు పాడుపడ్డా నగర మధ్యభాగంలో, షియాలకు పవిత్రమైన అస్కరీ సమాధుల చుట్టూ, జనం నివసిస్తూనే వచ్చారు, ఈనాటికీ అక్కడ ఊరు ఉంది. ఏ పెంకు ఏ పొరలో దొరికిందో నేటి పద్ధతిలో నమోదు కాని ఆ తవ్వకాలలో 9వ శతాబ్దపు పాత్రలతో పాటు తరువాతి కాలపు పాత్రలు కూడా కలిసిపోయి ఉండవచ్చుననీ, కనుక సమర్రాలో దొరకడం ఒక్కటే కాలనిర్ణయానికి చాలదనీ అలస్టెయిర్ నార్తెడ్జ్ వంటి పరిశోధకులు వాదించారు.

సమర్రా పెంకులలో పండితులను ఎక్కువగా ఆకర్షించినవి తెల్లని గాజుపూత గల గిన్నెలు. గాజుపూత అంటే కాల్చేటప్పుడు పాత్ర ఉపరితలం మీద కరిగి, చల్లారాక గట్టిపడే పలుచని గాజు పొర. అప్పటికే చైనా నుంచి తెల్లని పింగాణీ అబ్బాసీ రాజ్యానికి చేరుతోంది. ఖొరాసాన్ రాష్ట్రాధిపతి అలీ ఇబ్న్ ఈసా ఖలీఫా హరూన్ అల్ రషీద్‌కు చైనా చక్రవర్తి స్థాయి పింగాణీ పాత్రలు 20, సామాన్య రకం పింగాణీ పాత్రలు 2,000 కానుకగా పంపాడని 11వ శతాబ్దపు చరిత్రకారుడు బైహకీ రాశాడు. చైనా కుమ్మరులకు తెల్లగా కాలే కేవోలిన్ మట్టి, 1,300 డిగ్రీల సెల్సియస్‌ దాకా చేరే ఆవాలు అందుబాటులో ఉండగా, ఇరాక్ కుమ్మరికి దొరికేది సున్నం పాలు ఎక్కువగా ఉండి పసుపు ఛాయలో కాలే నది ఒండ్రు మట్టి మాత్రమే. మట్టిని మార్చలేని ఆ కుమ్మరి పూతను మార్చాడు: సీసం, క్షారం కలిసిన గాజుపూతలో తగరపు ఆక్సైడును కలపగా, దాని సన్నని కణాలు వెలుతురును చెదరగొట్టి పూతను పాలవలె తెల్లగా, అపారదర్శకంగా మార్చి, అడుగున ఉన్న మట్టి రంగును కప్పివేశాయి.

ఈ తెల్ల గిన్నెలు ఎక్కడ తయారయ్యాయన్న ప్రశ్నకు సమర్రా అని, బాగ్దాదు అని పాత పండితులు చెప్పిన జవాబులను మట్టి పరీక్షలు తోసిపుచ్చాయి. పెంకు నుంచి కాగితం కంటే పలుచని ముక్కను కోసి, అరగదీసి, ధ్రువీకృత కాంతిలో సూక్ష్మదర్శిని కింద చూస్తే, మట్టిలో కలిసి ఉన్న ఇసుక రేణువులు ఏ రాళ్ళవో, ఏ నది తెచ్చినవో తెలుస్తుంది. శిలాశాస్త్రం నుంచి వచ్చిన ఈ పద్ధతిని కెనడా పరిశోధకుడు రాబర్ట్ మేసన్ విస్తారంగా ఉపయోగించి, అబ్బాసీల కాలపు నాణ్యమైన గాజుపూత పాత్రలలో అధిక భాగం దక్షిణ ఇరాక్‌లోని ఓడరేవు బస్రా పరిసరాలలో తయారయ్యాయని తేల్చాడు. ఇరాన్ తీరంలోని సీరాఫ్ రేవులో 1966 నుంచి 1973 వరకు డేవిడ్ వైట్‌హౌస్ జరిపిన తవ్వకాలలో దొరికిన పాత్రలు ఈ నిర్ణయానికి తోడ్పడ్డాయి. రాజధాని వైభవం ఖలీఫాదే అయినా, దానికి పాత్రలు సమకూర్చినది సముద్ర వాణిజ్యంతో ముడిపడిన రేవు పట్టణమని ఈ విధంగా తెలిసింది.

తెల్లపూత పూర్తిగా చైనాకు అనుకరణగా పుట్టిందన్న మాట కూడా తరువాత సడలింది. తగరంతో అపారదర్శకంగా చేసిన పసుపు, ఆకుపచ్చ గాజుపూతలు ఈజిప్టులోను, సిరియా–పాలస్తీనా ప్రాంతంలోను 8వ శతాబ్దంలోనే, అంటే ఇరాక్‌లో తెల్ల గిన్నెలు రాకముందే, వాడుకలో ఉన్నాయని 2018లో ప్రచురితమైన రసాయన విశ్లేషణలు చూపాయి. ఆ విద్య అక్కడి గాజు పనివారి పాత సంప్రదాయం నుంచి కుమ్మరులకు అందింది. కనుక చైనా గిన్నె ఆకారాన్నీ తెలుపు మీది మోజునూ ఇచ్చిందని, వాటిని సాధించే పరిజ్ఞానం మాత్రం మధ్యధరా తీరపు పనివారి చేతులలో అప్పటికే ఉందని చెప్పడం న్యాయంగా ఉంటుంది.

ప్రభావం ఒక్క దిక్కునే సాగలేదని చెప్పే సాక్ష్యం సముద్ర గర్భం నుంచి వచ్చింది. ఇండోనేషియాలోని బెలితుంగ్ ద్వీపం దగ్గర 1998లో బయటపడిన ఓడ, పలకలను మేకులతో కాక తాళ్ళతో కుట్టి బిగించిన పశ్చిమ హిందూ మహాసముద్రపు పద్ధతిలో కట్టినది. అందులో దాదాపు 60,000 చైనా పాత్రలు ఉండగా, ఒక గిన్నె మీద 826వ సంవత్సరానికి సరిపోయే చైనా తేదీ చెక్కి ఉంది. ఆ సరుకులో తెల్లని నేలపై కోబాల్టు నీలంతో చిత్రించిన మూడు పళ్ళాలు ఉన్నాయి. చెక్కుచెదరకుండా దొరికిన చైనా నీలి-తెలుపు పాత్రలలో ఇవే అత్యంత ప్రాచీనమైనవి. వాటి మీది వజ్రాకారపు అలంకరణ ఇరాక్ పాత్రల మీద కనిపించేదే కావడం వల్ల, పశ్చిమాసియా కొనుగోలుదారుల అభిరుచిని ఎరిగి చైనా కుమ్మరులు వాటిని చేశారని భావిస్తున్నారు. అయితే ఆ ఓడ నుంచి వస్తువులను తీసినది వ్యాపార సంస్థ కావడంతో శాస్త్రీయమైన నమోదు సరిగా జరగలేదన్న అభ్యంతరాలు తలెత్తి, వాషింగ్టన్‌లో జరగవలసిన ప్రదర్శనను స్మిత్సోనియన్ సంస్థ 2011లో విరమించుకుంది.

తెల్లపూత సిద్ధమయ్యాక దాని మీద ఇరాక్ కుమ్మరులు సాధించిన మరో అద్భుతం లోహకాంతి పూత. దీని పని వరుస ఇలా ఉంటుంది: ముందుగా గాజుపూతతో కాల్చి చల్లార్చిన పాత్ర మీద వెండి, రాగి సమ్మేళనాలను ఎర్రమన్నుతో నూరి చిత్రిస్తారు, తరువాత చిన్న ఆవంలో సుమారు 600 డిగ్రీల వేడిలో, గాలి రాకను తగ్గించి పొగ నిండేలా మళ్ళీ కాలుస్తారు, ఆ పొగ లోహ సమ్మేళనాలలోని ప్రాణవాయువును లాగివేయగా, కంటికి కనబడనంత సన్నని లోహ కణాలు గాజుపూత పైపొరలోనే నిలిచిపోతాయి, చల్లారాక పైన మిగిలిన మన్నును తుడిచివేస్తే అడుగున బంగారు, రాగి, ఇత్తడి ఛాయల మెరుపు తేలుతుంది. వేడి కాస్త పెరిగితే గాజుపూత మెత్తబడి మన్ను అంటుకుపోతుంది, పొగ చాలకపోతే మెరుపే రాదు. ఈ విద్య కూడా మొదట గాజు మీదే కనిపిస్తుంది. ఈజిప్టు పాత రాజధాని ఫుస్తాత్‌లో దొరికిన ఒక గాజు గిన్నె మీద, 773లో స్వల్పకాలం ఈజిప్టును పాలించిన రాష్ట్రాధిపతి అబ్ద్ అల్ సమద్ పేరు లోహకాంతి పూతతో రాసి ఉంది. ట్యునీషియాలోని కైరవాన్ పెద్ద మసీదులో ప్రార్థన దిక్కును సూచించే మిహ్రాబ్ గూడు చుట్టూ వందకు పైగా లోహకాంతి పలకలు అమర్చి ఉన్నాయి. 9వ శతాబ్దంలో వాటిని ఇరాక్ నుంచి తెప్పించారని సంప్రదాయం చెబుతోంది.

బస్రాను 871లో తిరుగుబాటు చేసిన జంజ్ బానిసలు, 923లో కర్మతీలనే మతశాఖవారు కొల్లగొట్టారు. 10వ శతాబ్దపు చివరి నాటికి లోహకాంతి పనికి కేంద్రం ఫాతిమీ ఖలీఫాల ఈజిప్టుకు మారింది. పనితీరులోని పోలికలను బట్టి ఇరాక్ కుమ్మరులే పోషకులను వెతుక్కుంటూ ఫుస్తాత్‌కు వలస వెళ్ళారని పరిశోధకులు భావిస్తారు. ముస్లిం ఇబ్న్ అల్ దహ్హాన్, సాద్ అనే కుమ్మరుల సంతకాలు అక్కడి పాత్రల మీద నిలిచాయి. 1168లో క్రూసేడర్ల చేతికి చిక్కకూడదని మంత్రి షావర్ ఫుస్తాత్‌కు నిప్పు పెట్టించగా, ఊరిలో అధిక భాగం కాలక్రమేణా చెత్తదిబ్బగా మారి, ఆ దిబ్బలే 1912 నుంచి అలీ బహ్‌గత్‌కు, 1964 తరువాత జార్జ్ స్కాన్లన్ బృందానికి అపారమైన ఆధారాలను అందించాయి. 1040లలో ఈజిప్టును చూసిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో అక్కడి పాత్రల పలుచదనాన్ని, రంగులు మారే మెరుపును మెచ్చుకోవడంతో ఆగక, అంగళ్ళవారు కొన్న సరుకును ఇంటికి తీసుకుపోవడానికి గాజు, మట్టి, కాగితపు పాత్రలను తామే ఇస్తారని కూడా రాశాడు. చెత్తలో అన్నన్ని మామూలు పెంకులు ఎందుకు ఉన్నాయో ఈ చిన్న వాక్యం చాలావరకు వివరిస్తుంది.

ఫుస్తాత్ దిబ్బలలో దొరికిన మామూలు వస్తువులలో నీటి కూజాల మెడలోపలి జల్లెడలు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. పూత లేని సన్నమట్టి కూజా గోడల నుంచి నీరు కొద్దికొద్దిగా చెమర్చి ఆవిరి కావడం వల్ల లోపలి నీరు చల్లబడుతుంది. వేసవిలో తెలుగువారి ఇళ్ళలో కూజా చేసే పనే అది. నోటిలోంచి పురుగులు పడకుండా, నీరు ఒక్కసారిగా పొర్లకుండా కుమ్మరి మెడ అడుగున గుండ్రని మట్టి బిళ్ళను అమర్చి, అది పచ్చిగా ఉన్నప్పుడే సన్నని రంధ్రాలు తొలిచేవాడు. పనికి నాలుగు రంధ్రాలు చాలినా, ఆ కుమ్మరులు రంధ్రాల నడుమ మిగిలిన మట్టితోనే నెమళ్ళను, జంతువులను, చుక్కల ముగ్గులను, శుభాకాంక్షల అక్షరాలను తీర్చారు. కూజా నోట్లోకి తొంగిచూస్తే తప్ప కనబడని ఈ అలంకరణ ఉన్నది చవకైన పాత్రలో. అందం పట్ల ఆసక్తి సంపన్నుల పళ్ళాలకే పరిమితం కాదని అది నిరూపిస్తుంది.

తరువాతి ఘట్టంలో కుమ్మరులు పూతతో తృప్తిపడక మట్టినే కొత్తగా తయారుచేశారు. 12వ శతాబ్దపు ఇరాన్‌లో, ముఖ్యంగా కాషాన్ పట్టణంలో, పలుగురాళ్ళ పొడితో చేసిన తెల్లని ముద్ద ప్రచారంలోకి వచ్చింది. కాషాన్ కుమ్మరి కుటుంబంలో పుట్టి మంగోల్ ఆస్థానంలో చరిత్రకారుడైన అబుల్ ఖాసిం 1301లో రాసిన పుస్తకంలోని కుమ్మరి విద్య అధ్యాయం ప్రకారం, ఆ ముద్దకు పది పాళ్ళ పలుగురాతి పొడి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్ల బంకమన్ను కావాలి. నీలానికి అవసరమైన కోబాల్టు ఖనిజం కాషాన్ దగ్గరి కమ్సర్ గ్రామంలో దొరుకుతుందని, బాగ్దాదు, తబ్రీజ్ నగరాలలో పొగ రాకుండా బెరడు ఒలిచిన నీరువంజి కట్టెలను ఆవంలో వాడతారని కూడా ఆయన నమోదు చేశాడు. తాతముత్తాతల నుంచి ఇంటి గుట్టుగా వచ్చే విద్య ఇలా అక్షరబద్ధం కావడం మధ్యయుగంలో అరుదు. ఆయన చెప్పిన పాళ్ళు పెంకుల రసాయన విశ్లేషణలో చాలావరకు సరిపోవడం వల్ల, ఈ గ్రంథం విలువ మరింత పెరిగింది.

పల్లెల చరిత్రను చెప్పేవి ఇంతకంటే నాసిరకం పాత్రలు. 12వ శతాబ్దం నుంచి సిరియా, పాలస్తీనా, జోర్డాన్ పల్లెలలో సారె మీద తిప్పకుండా చేతితో మలిచి, ఎరుపు నలుపు గీతలతో ముగ్గులు వేసిన కుండలు విస్తారంగా కనబడతాయి. పాత పండితులు వీటిని విద్య దిగజారిందనడానికి గుర్తుగా భావించగా, పట్టణపు అంగళ్ళ మీద ఆధారపడకుండా గ్రామీణ కుటుంబాలు తమ అవసరాలకు తామే చేసుకున్న పాత్రలుగా నేటి పరిశోధకులు వాటిని అర్థం చేసుకుంటున్నారు. జోర్డాన్ లోయలో గుట్టలుగా దొరికే శంకువు ఆకారపు పాత్రల పెంకులు చక్కెర పరిశ్రమవి: కాచిన చెరకు పాకాన్ని అడుగున రంధ్రమున్న ఆ అచ్చులలో పోస్తే, మడ్డి కింది జాడీలోకి కారిపోయి, చక్కెర గడ్డ పైన మిగిలేది. మందపాటి గోడలు, సన్నని మూతి, మొనతేలిన అడుగు గల గుండ్రని చిన్న బుడ్లు మధ్యాసియా నుంచి ఈజిప్టు దాకా దొరుకుతున్నాయి. అవి పాదరసానికని, పానీయాలకని, సుగంధాలకని, నిప్పు పెట్టి విసిరే చమురు బుడ్లని పండితులు వాదించుకోగా, జెరూసలేంలో దొరికిన నాలుగు పెంకుల అవశేషాలను పరీక్షించి 2022లో ప్రచురించిన అధ్యయనం వాటిని ఒకే పనికి కాక వేర్వేరు పనులకు వాడారని సూచించింది.

పాత్రను ఎలా చేశారో చెప్పే గుర్తులు పాత్ర మీదే ఉంటాయి. అనేక గాజుపూత గిన్నెల లోపలి అడుగున త్రిభుజంలా మూడు చిన్న మచ్చలు కనిపిస్తాయి. ఆవంలో గిన్నెలను ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు పూతలు అతుక్కోకుండా నడుమ ఉంచిన మూడు కాళ్ళ మట్టి బిళ్ళను విరిచి తీసినప్పుడు పడిన మచ్చలవి. ఇలాంటి బిళ్ళలు, వంకరపోయి పారవేసిన గిన్నెలు ఒక ఊరిలో దొరికాయంటే అక్కడ ఆవం ఉన్నట్టే. కొనుక్కున్న పాత్ర ఎంత దూరమైనా ప్రయాణిస్తుంది గాని, పాడైన సరుకును ఎవరూ మోసుకుపోరు. ఇరాన్‌లోని నిషాపూర్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం బృందం 1935 నుంచి జరిపిన తవ్వకాలు, అక్కడి నల్లని అక్షరాల తెల్ల గిన్నెలు ఆ ఊరిలోనే తయారయ్యాయని ఇటువంటి ఆధారాలతోనే నిర్ధారించాయి.

ఈ ఆధారాలన్నిటికీ పెద్ద శత్రువు పురావస్తువుల అక్రమ వ్యాపారం. నిషాపూర్, రయ్, గుర్గాన్ దిబ్బలను అంగడి కోసం తవ్వినవారు అమ్ముడుపోయే గిన్నెలను తీసుకొని, మామూలు పెంకులను పారవేసి, పొరలను కలగాపులగం చేశారు. విరిగిన ముక్కలను రంగు వేసి అతికించి అఖండ పాత్రలుగా అమ్మిన ఉదంతాలు మ్యూజియం ప్రయోగశాలలలో నేటికీ బయటపడుతున్నాయి. వరామీన్‌లోని ఇమామ్‌జాదా యహ్యా సమాధి భవనంలో అబుల్ ఖాసిం తండ్రి అలీ ఇబ్న్ ముహమ్మద్ 1265లో సంతకం చేసిన లోహకాంతి మిహ్రాబ్ ప్రస్తుతం అమెరికాలోని హవాయిలో ఉంది. కట్టడం మాత్రం ఇరాన్‌లో గోడ బోసిపోయి నిలిచింది.

ఇరాన్ పలకల సంప్రదాయం దక్కనుకు కూడా చేరింది. గీలాన్ నుంచి వచ్చి బహమనీ రాజ్య మంత్రియైన మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో కట్టించిన మదరసా ముఖభాగం మీద, కుతుబ్‌షాహీల కాలంలో హైదరాబాదులో వెలసిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద రంగుల గాజుపూత పలకలను నేటికీ చూడవచ్చు. దక్కనులోని పాత కోటలు, రేవులు, ఊరిదిబ్బల దగ్గర నీలి-తెలుపు ముక్కో, గాజుపూత పెంకో కంటబడినప్పుడు దానిని ఇంటికి తెచ్చుకుంటే ఒక అందమైన వస్తువు మిగులుతుంది. దొరికిన చోటనే ఉంచి పురావస్తు శాఖకు తెలియజేస్తే ఒక చారిత్రక ఆధారం మిగులుతుంది. సమర్రా విషయంలో పండితులు దశాబ్దాల పాటు దిద్దుకోవలసి వచ్చిన పొరపాటు తెలుగు నేల మీద పునరావృతం కాకుండా చూసే బాధ్యత శాఖలతో పాటు పౌరులది కూడా.